పెర్న్ డ్రాగన్లు

పెర్న్ డ్రాగన్లు రచయిత్రి యాన్ మెకాఫ్రీ (1926–2011) సృష్టించిన కల్పిత జీవజాతి. ఆమె అమెరికాలో పుట్టి ఐర్లండ్‌లో స్థిరపడింది. ధనుస్సు రాశిలోని రుక్‌బాట్ నక్షత్రం చుట్టూ తిరిగే పెర్న్ అనే గ్రహం ఈ డ్రాగన్ల నివాసం. రెక్కలు, నోట మంటలు, కొండంత శరీరం అన్నీ పాత కథల డ్రాగన్లవే. అయితే ఇవి నిధికి కాపలా కాసే పాములూ కావు, వీరుడి కత్తికి బలయ్యే రాకాసులూ కావు. మనిషితో మనసు కలిపి, అతడి పంటనూ ప్రాణాన్నీ కాపాడే జంతువులు. వీటి ప్రతి లక్షణానికీ రచయిత్రి ఒక కారణం చూపింది. ఆ కారణాల మీదే ఒక సమాజాన్ని మొత్తంగా నిలబెట్టింది. అందుకే డ్రాగన్లున్నా తన కథలు మాయల కథలు కావనీ, విజ్ఞాన కల్పనలేననీ ఆమె జీవితాంతం వాదించింది.

పుట్టుక

మొదటి కథ ‘వెయర్ సెర్చ్’ 1967 అక్టోబరులో జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ సంపాదకత్వంలోని ‘అనలాగ్’ పత్రికలో వచ్చింది. 1968లో దానికి హ్యూగో పురస్కారం దక్కింది. ఫిలిప్ హోసే ఫార్మర్ రచనతో కలిసి పంచుకున్నదే అయినా, కథారచనకు హ్యూగో అందుకున్న తొలి మహిళ మెకాఫ్రీయే. వెంటనే వచ్చిన ‘డ్రాగన్‌రైడర్’కు నెబ్యులా పురస్కారం లభించింది. ఈ రెండూ కలిసి 1968లో ‘డ్రాగన్‌ఫ్లైట్’ నవలగా రూపుదిద్దుకున్నాయి. పదేళ్ల తర్వాత, 1978లో, ‘ది వైట్ డ్రాగన్’ న్యూయార్క్ టైమ్స్ అత్యధిక విక్రయాల జాబితాకెక్కింది. విజ్ఞాన కల్పనకు అప్పట్లో అది అరుదైన గౌరవం.

తొలి నవలలో ఈ జంతువులు ఎక్కడివో స్పష్టంగా ఉండదు. అవి మనుషులు పెంచి తీర్చిదిద్దిన జాతి అన్న సూచన మాత్రం ఉంటుంది. పూర్తి కథ 1988 నాటి ‘డ్రాగన్స్‌డాన్’లో వచ్చింది. భూమి నుంచి వలస వచ్చిన జనం పెర్న్ మీద పొలాలు వేసుకుని కాస్త కుదురుకుంటుండగా ఆకాశం నుంచి పోగులు రాలడం మొదలైంది. నూలుపోగుల్లా కనిపించే ఆ బీజాలు తాకిన ప్రాణినల్లా, మొక్కనల్లా తినేస్తాయి. రాయి మీద పడితే తిండి లేక చస్తాయి, నీళ్లలో పడితే మునిగి చస్తాయి. ఎర్ర నక్షత్రమని జనం పిలిచే ఒక సంచారి గ్రహం సుమారు 250 ఏళ్లకోసారి దగ్గరికొచ్చినప్పుడల్లా, దాదాపు 50 ఏళ్ల పాటు ఈ వాన తప్పదు.

వలస వచ్చినవాళ్ల దగ్గర ఇంధనం పరిమితం, యంత్రాలు అరిగిపోతే మళ్లీ చేసుకునే వీలు లేదు. తమంతట తామే పిల్లల్ని కనే, అక్కడే దొరికే తిండి తినే, గాలిలోనే పోగుల్ని కాల్చే ఆయుధం వాళ్లకు కావాలి. జన్యుశాస్త్రవేత్త కిట్టి పింగ్ ఆ గ్రహపు చిన్న జీవుల్లో ఒకదాన్ని ఎంచుకుని, దాని వారసత్వాన్ని సవరించి డ్రాగన్‌ను తయారుచేసింది. కావలి కోసం వాడే వాచ్‌వేర్ అనే వికారమైన నిశాచర జీవి కూడా ఇదే పరిశోధనలోంచి వచ్చింది. దాన్ని కిట్టి పింగ్ మనవరాలు విండ్ బ్లాసమ్ రూపొందించింది.

డ్రాగన్లకు మూలమైన ఆ చిన్న జీవులు అగ్గితొండలు. చేతి మీద వాలేంత పరిమాణం, సముద్రపు ఒడ్డున గుడ్లు పెట్టే అలవాటు. గుడ్డు పగిలిన క్షణాన ఆకలితో అల్లాడే పిల్లకు ఎవరు తిండి పెడితే వాళ్లకు అది అంటిపెట్టుకుపోతుంది. 1976లో వచ్చిన ‘డ్రాగన్‌సాంగ్’లో మెనోలీ అనే అమ్మాయికి ఇలా తొమ్మిది అగ్గితొండలు తోడవుతాయి. నోట మంట, మనసుతో మాట, చోటు మార్చే శక్తి ఈ మూడూ వాటిలో అప్పటికే ఉన్నాయి. కిట్టి పింగ్ ఆ గుణాలను కొత్తగా కల్పించలేదు, పెంచింది. డ్రాగన్‌ను శూన్యంలోంచి పుట్టించకుండా స్థానిక జీవి మీద కట్టడం మెకాఫ్రీ చేసిన అన్నిటికంటే తెలివైన పని.

శరీరం

డ్రాగన్‌కు ఆరు అవయవాలు: నాలుగు కాళ్లు, రెండు రెక్కలు. మన భూమి మీద వెన్నెముక ఉండి ఎగిరే ఏ జంతువుకూ ఇలా లేదు. పక్షికీ గబ్బిలానికీ ముందుకాళ్లే రెక్కలయ్యాయి. పడమటి కనుమల్లో చెట్టు నుంచి చెట్టుకు జారే ఎగిరే బల్లికి పక్కటెముకలే రెక్కలు. యూరప్ చిత్రకారులు గీసిన నాలుగు కాళ్ల, రెండు రెక్కల డ్రాగన్ జీవశాస్త్రం ముందు నిలవకపోవడానికి కారణం ఇదే. మెకాఫ్రీ ఆ లెక్కను పెర్న్‌కు తగ్గట్టు మార్చింది. అక్కడి స్థానిక జంతువులన్నిటికీ ఆరు అవయవాలే.

చర్మం మీద పొలుసులుండవు, మెత్తటి తోలులా ఉంటుంది. పిల్ల పెరుగుతున్నప్పుడు చర్మం సాగి పగుళ్లు రాకుండా రౌతు రోజూ స్నానం చేయించి నూనె రాయాలి. పగులు ఎంత చిన్నదైనా, చోటు మారేటప్పుడు దాటే చలిలో ప్రాణాపాయమే. రక్తం ఆకుపచ్చ. అనేక పలకలున్న కళ్లు మనసును బట్టి రంగు మారతాయి. ప్రశాంతంగా ఉంటే నీలం, ఆకుపచ్చ. ఆకలికీ కోపానికీ ఎరుపు, భయానికి పసుపు.

మంట సంగతి ప్రత్యేకం. డ్రాగన్ ఫాస్ఫేటు నిండిన అగ్గిరాయిని నమిలి, తిండికి సంబంధం లేని రెండో పొట్టలోకి పంపుతుంది. అక్కడ పుట్టిన ఫాస్ఫీన్ వాయువు బయటికి రాగానే గాలి తగిలి అంటుకుంటుంది. మిగిలిన బూడిదను తర్వాత కక్కేస్తుంది. స్వచ్ఛమైన ఫాస్ఫీన్ మామూలు వేడిలో తనంతట తాను మండదు. దానిలో కలిసే డైఫాస్ఫీన్ వల్ల మండుతుంది. ఈ సవరణ చేసుకుంటే ఆమె రసాయనం నమ్మదగ్గదే. బ్రిటన్‌కు చెందిన ప్రత్యుత్పత్తి జీవశాస్త్రవేత్త జాక్ కోహెన్ సలహాలు కూడా ఆమె తీసుకుంది.

ఎగరడం దగ్గర మాత్రం లెక్క కుదరలేదు. అంత బరువును ఆ రెక్కలు మోయలేవు. తర్వాతి నవలల్లో, ముఖ్యంగా 2001 నాటి ‘ది స్కైస్ ఆఫ్ పెర్న్’లో, డ్రాగన్లు వస్తువులను మనసుతో కదపగలవనీ, తమ బరువునూ అలాగే తేలుస్తాయనీ తేలుతుంది. ఇది వెనక నుంచి వేసిన అతుకే. అయినా చోటు మార్చే శక్తి ఉందని ముందే ఒప్పుకున్న పాఠకుడికి ఇది మింగుడుపడుతుంది.

రంగులు, సంతానం

లింగం, పరిమాణం, హోదా మూడూ రంగుతోనే తెలుస్తాయి. అన్నిటికంటే పెద్దది బంగారు రాణి. ఆ తర్వాత కంచు, గోధుమ, నీలం వరుసలో మగవి. చివర అందరికంటే చిన్నవి, చురుకైనవి, సంఖ్యలో ఎక్కువవి ఆకుపచ్చ ఆడవి. అగ్గిరాయి నమిలే ఆకుపచ్చలకు సంతానం కలగదు. అందుకే రాణులను ఆ రాయి జోలికి పోనివ్వరు. వాటి రౌతులు మంటలు చిమ్మే యంత్రాలు పట్టుకుని, మిగతా దండు కింద ఎగురుతూ తప్పిపోయిన పోగుల్ని కాలుస్తారు.

జతకట్టే రోజు రాణి ఒళ్లు మెరుస్తుంది. అది పశువుల మీద పడి చంపుతుంది. రౌతు దాన్ని రక్తం మాత్రమే తాగనివ్వాలి, మాంసం ముట్టనివ్వకూడదు. కడుపు నిండితే ఎత్తుకు ఎగరలేదు, ఎత్తుకు ఎగరకపోతే గుడ్లు తగ్గుతాయి. వెంటబడిన మగవాటిలో రాణిని అందుకున్న దాని రౌతే, సాధారణంగా కంచు డ్రాగన్ రౌతు, స్థావరానికి నాయకుడవుతాడు. చల్లారిన అగ్నిపర్వతాల గుహల్లో ఉండే ఆ స్థావరం పేరే వెయర్.

ఆ సమయంలో డ్రాగన్ల కోరిక రౌతులనూ ముంచేస్తుంది. మనిషి ఇష్టానికి అక్కడ చోటెంత? తొలి నవల ఈ ప్రశ్నను తేలిగ్గా దాటేసింది. మొత్తం పెర్న్ సాహిత్యంలో ఈనాటి పాఠకురాలికి గుచ్చుకునే చోటు ఇదేనని ఒప్పుకోక తప్పదు. ఆకుపచ్చ ఆడ డ్రాగన్లకు ఎక్కువగా మగ రౌతులే ఉండటం వల్ల, మగవాళ్ల మధ్య బంధాలు వెయర్‌లో మామూలు విషయం. ఆ కాలపు అమెరికన్ విజ్ఞాన కల్పనలో ఇది అరుదు.

గుడ్లు వేడి ఇసుకలో గట్టిపడతాయి. మన కోస్తా తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు గుడ్లకూ ఇసుక వేడే ఆధారం. అయితే తాబేలు గుడ్లు పెట్టి సముద్రంలోకి వెళ్లిపోతుంది. డ్రాగన్ రాణి పిల్లలు బయటికొచ్చేదాకా కాపలా కాస్తుంది.

ముద్ర

గుడ్డు పగలగానే పిల్ల ఎదురుగా నిలబడ్డ యువకుల్లోంచి తన మనిషిని ఎంచుకుంటుంది. ఈ బంధమే ముద్ర. రాణి గుడ్డు ముందు అమ్మాయిలు నిలబడతారు. పిల్ల తన పేరు తానే చెబుతుంది, నోటితో కాదు, మనసుతో. ఆస్ట్రియా శాస్త్రవేత్త కాన్‌రాడ్ లోరెంజ్ 1935లో పెద్దబాతు పిల్లల గురించి రాసిన ముద్రణ ఇక్కడ గుర్తుకొస్తుంది. ఆ పిల్లలు మొదట చూసిన కదిలే ప్రాణినే తల్లి అనుకుని వెంటపడతాయి. పెర్న్‌లో బంధం రెండువైపులా బిగుస్తుంది. రౌతు చనిపోతే డ్రాగన్ చోటుకూ చోటుకూ మధ్యనున్న గడ్డకట్టే శూన్యంలోకి వెళ్లి తిరిగి రాదు. గుడ్లు కాపలా కాస్తున్న రాణి మాత్రం అవి పగిలేదాకా ఆగుతుందని 1983 నాటి ‘మొరెటా’ చెబుతుంది. డ్రాగన్ పోతే మనిషి బతికినా సగమే మిగులుతాడు.

డ్రాగన్ చోటు మారేది ఆ శూన్యం గుండానే. దాన్ని దాటడానికి పట్టేది మూడుసార్లు దగ్గేంత సేపు. ఒంటికంటిన పోగు అక్కడి చలికి రాలిపోతుంది. గమ్యాన్ని రౌతు కళ్లకు కట్టినట్టు ఊహించి చూపాలి, లేకపోతే ఇద్దరూ ఉండరు. చోటునే కాదు, కాలాన్నీ ఇలాగే దాటవచ్చని కనుక్కున్నది ‘డ్రాగన్‌ఫ్లైట్’ కథానాయిక లెస్సా. తన రాణి రామత్ మీద 400 ఏళ్లు వెనక్కి వెళ్లి, కనిపించకుండా పోయిన ఐదు వెయర్ల దండును ముందుకు తెచ్చింది. డ్రాగన్లకు జ్ఞాపకం తక్కువ, ఉన్న క్షణంలోనే బతుకుతాయి. తాను ఏ కాలంలో ఉన్నదీ ఎప్పుడూ తెలిసే తెల్ల డ్రాగన్ రూత్ ఈ నియమానికి మినహాయింపు.

తర్వాతి కాలం

1991 నాటి ‘ఆల్ ది వెయర్స్ ఆఫ్ పెర్న్’లో డ్రాగన్లు వలస వచ్చినవాళ్ల పాత నౌకల యంత్రాలను ఎర్ర నక్షత్రానికి మోసుకెళ్లి, పేలుడుతో దాని కక్ష్యను మారుస్తాయి. పోగుల వాన ఆగితే, దాని కోసమే తయారైన జాతి ఏం కావాలి? చివరి నవలలు పట్టుకున్న ప్రశ్న ఇది. 2003 నుంచి మెకాఫ్రీ కొడుకు టాడ్ తల్లితో కలిసీ ఒంటరిగానూ రాశాడు. 2018లో కూతురు జీజీ ‘డ్రాగన్స్ కోడ్’ తెచ్చింది.

కొత్తగా చదివేవారు కథాకాలం వరుసను పట్టించుకోకుండా, 1968 నాటి ‘డ్రాగన్‌ఫ్లైట్’తో మొదలుపెట్టాలి. ‘డ్రాగన్స్‌డాన్’ను ముందే చదివేస్తే, ఈ జంతువులు ప్రయోగశాల నుంచి వచ్చాయన్న సంగతిని పెర్న్ ప్రజలతో పాటు తెలుసుకునే అవకాశం పోతుంది.