ఊరి పెద్దరికము: వంశవృక్షమునుండి ఓటర్ల జాబితా వరకు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో ఊరి పెద్ద యెవరను తగవు నేటిది కాదు. అది నడచు చోటు మాత్రము మారుచు వచ్చినది.

1839లో కర్నూలు నవాబు పాలన అంతమై ఈ సీమ కుంపిణీవారి వశమయ్యెను. ఊరిలో శిస్తు వసూలు చేయువాడు రెడ్డి, లెక్క వ్రాయువాడు కరణము. ఈ పదవులు తండ్రినుండి కొడుకునకు సంక్రమించునవి. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగముల చట్టము ఆ యాచారమునకు శాసనముద్ర వేసెను. వారసుడెవడన్నదే నాటి వ్యాజ్యములలోని ప్రశ్న. దాయాదులు వంశవృక్షములు చేతబట్టి రెవెన్యూ కచేరీల చుట్టు తిరిగెడివారు. ఊరివారి యిష్టము నడిగిన నాథుడు లేడు.

ఈ కట్టడిని కదలించినది గుంటూరు జిల్లా వ్యాజ్యము. పెరవలి గ్రామము రెండుగా చీలి పెరవలిపాలెము ఏర్పడగా, క్రొత్త ఊరి మునసబు పదవికి డివిజను అధికారి ఒకరిని నియమించెను. కలెక్టరు దానిని రద్దుచేసి, వంశపు హక్కునుబట్టి మరియొకరి కిచ్చెను. ఓడినవారు సుప్రీంకోర్టుకు పోయిరి. పుట్టుకనుబట్టి ప్రభుత్వోద్యోగ మిచ్చుట రాజ్యాంగవిరుద్ధమని 1960 డిసెంబరులో తీర్పు వెలువడెను. 1984 జనవరిలో ఆ పదవులే రద్దయ్యెను.

ఈలోగా 1950, 1964, 1994 నాటి పంచాయతీ చట్టములతో పెద్దరికము ఓటు చేతికి వచ్చినది. తగవు మాత్రము ఊరు విడువలేదు. 1994 చట్టము ఇద్దరికి మించి సంతానము గలవారిని అనర్హులను చేయగా, జనన రిజిస్టరులు, బడి రికార్డులు ఎన్నికల ఆయుధములయ్యెను! ఆ నిబంధన 2024లో తొలగిపోయినది.

ఎన్నిక నడుమ న్యాయస్థానములు జోక్యము చేసికొనరాదనియు, ఫలితము తరువాతనే పిటిషను వేయవలెననియు రాజ్యాంగములోని 243-ఓ అధికరణము చెప్పుచున్నది. సేలం జిల్లా నామక్కల్ శాసనసభా స్థానమున నామినేషను తిరస్కరింపబడిన అభ్యర్థి వ్యాజ్యములో 1952లోనే సుప్రీంకోర్టు ఇట్టి సూత్రమును నిలిపెను. ఇందు యుక్తి కలదు. లేనిచో పోలింగే సాగదు. కాని పల్లెలలో అసలు పోరు తరచు నామినేషను నాడే తేలిపోవును. పార్టీ గుర్తులు లేని ఎన్నికయైనను పార్టీలు లేవనుట మాటవరుసకే. కక్షలకు పేరుపడిన మన సీమలో, ప్రత్యర్థిచేత నామినేషను ఉపసంహరింపజేసి దానికి ఏకగ్రీవమను మంచి పేరు పెట్టుటయు కలదు. ఏకగ్రీవములన్నియు అట్టివని నేననను. ఊరు మనసారా ఒక్కటైన సందర్భములును ఉన్నవి. అయితే ఉపసంహరణ పత్రముపై సంతకము రెంటిలోను ఒక్కతీరుగనే యుండును.

2021లో ఎన్నికలు అప్పుడే జరుపవలెనా, వాయిదా వేయవలెనా అను తగవే రాష్ట్రప్రభుత్వమునకు, ఎన్నికల సంఘమునకు నడుమ సుప్రీంకోర్టు దాక పోయెను. జనవరి 25న ప్రభుత్వ పిటిషను కొట్టివేయబడగా, ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా పోలింగు జరిగెను.

2022 ఏప్రిలులో నంద్యాల జిల్లా ఏర్పడుటతో ఆళ్లగడ్డవారికి కలెక్టరు కచేరి దగ్గరయ్యెను. ఓడిన సర్పంచు అభ్యర్థి మాత్రము తన తాతలవలె ఆ కచేరికి గాక, సివిలు న్యాయాధికారి యెదుటికి పోవలెను. అచట పిటిషను తేలులోగా అయిదేండ్ల పదవీకాలము గడచిపోయి, ఊరిలో మరల ఓటర్ల జాబితా అంటింపబడుటయు కలదు.