కప్పు వచ్చింది, క్లబ్బు పోయింది: హైదరాబాద్‌లో మనోలో మార్కెజ్ మూడేళ్లు

వైజాగ్ పూర్ణా మార్కెట్ దగ్గర నుంచి మాట్లాడుతున్నా. ఈ రోజు ఎపిసోడ్ ఫుట్‌బాల్ మీద. "క్రికెట్ వదిలేసి ఇదేంటి అన్నా" అంటారేమో. ఒక్క ప్రశ్న అడుగుతా. 2022లో హైదరాబాద్ పేరున్న టీమ్ ఇండియన్ సూపర్ లీగ్, అంటే ఐఎస్ఎల్, కప్పు కొట్టింది. గుర్తుందా? సరే, నాలుగేళ్లు తిరక్కుండానే ఆ క్లబ్బు హైదరాబాద్ వదిలి ఢిల్లీ వెళ్లిపోయింది. అది తెలుసా?

చాలామందికి రెండూ తెలీవు. ఈ రెంటి మధ్యలో ఒక స్పెయిన్ మనిషి ఉన్నాడు. పేరు మనోలో మార్కెజ్. ఆయన కథ చెప్పుకుంటే మన దగ్గర ఆట ఎందుకు నిలబడదో కొంచెం అర్థమవుతుంది.

మార్కెజ్ 1968లో బార్సిలోనాలో పుట్టాడు. బార్సిలోనా అనగానే మెస్సీ ఆడిన ఆ పెద్ద క్లబ్బు అనుకోకండి. ఈయన ఆటగాడిగా పెద్ద స్టార్ కాదు. పేరొచ్చింది కోచ్ అయ్యాకే. అది కూడా నిదానంగా. ప్రాట్, యూరోపా, బదలోనా లాంటి చిన్న క్లబ్బుల్లో పనిచేశాడు. అక్కడ డబ్బుండదు, పెద్ద పేరున్న ప్లేయర్లు రారు. ఉన్న కుర్రాళ్లతోనే నెట్టుకురావాలి. తర్వాత ఎస్పాన్యోల్ బి టీమ్, లాస్ పాల్మాస్ రెండో టీమ్. ఇవన్నీ కుర్రాళ్లని తయారుచేసే చోట్లే.

2017లో లాస్ పాల్మాస్ మెయిన్ టీమ్‌కే కోచ్ అయ్యాడు. అంటే లా లిగా! రియల్ మాడ్రిడ్, బార్సిలోనా ఆడే లీగ్ అన్నమాట. కానీ ఎంతకాలం? ఆరు మ్యాచ్‌లు. సెప్టెంబర్‌లోనే తప్పుకున్నాడు. ఆ తర్వాత క్రొయేషియా, థాయ్‌లాండ్. పైకి ఎక్కిన మనిషి మళ్లీ ఊళ్లు పట్టుకుని తిరిగాడు.

ఇప్పుడు హైదరాబాద్ వైపు చూద్దాం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో పుట్టింది. నిజానికి పూర్తిగా కొత్తది కాదు, పుణె క్లబ్బు మూతపడితే దాని స్థానంలో వచ్చింది. హోమ్ గ్రౌండ్ గచ్చిబౌలి స్టేడియం. మొదటి సీజన్ ఘోరం. 18 మ్యాచ్‌ల్లో 10 పాయింట్లు, పట్టికలో ఆఖరి స్థానం. మధ్యలోనే కోచ్‌ని మార్చేశారు. తర్వాతి సీజన్‌కి ఆల్బర్ట్ రోకా అనే ఇంకో స్పెయిన్ కోచ్‌ని పెట్టుకుంటే, 2020లో ఆయనకి బార్సిలోనా నుంచే పిలుపొచ్చింది. సీజన్ దగ్గరపడ్డాక ఆ ఖాళీలోకి వచ్చినవాడే మార్కెజ్.

వచ్చి ఏం చేశాడు? అప్పట్లో ఐఎస్ఎల్‌లో అలవాటు ఏంటంటే, గెలిపించే బాధ్యత ఫారిన్ ప్లేయర్లది, మనవాళ్లు పక్కన సాయం. మార్కెజ్ మాత్రం మన కుర్రాళ్లని నమ్మాడు. ఆకాశ్ మిశ్రాది ఉత్తరప్రదేశ్, లెఫ్ట్ బ్యాక్, అప్పటికి 20 ఏళ్లు కూడా లేవు. ఆశిష్ రాయ్‌ది సిక్కిం, రైట్ బ్యాక్. లిస్టన్ కొలాసోది గోవా, వింగర్. వీళ్లని ఒకటి రెండు మ్యాచ్‌లకి కాదు, వరసగా ఆడించాడు. తప్పు చేస్తే బెంచీ మీద కూర్చోబెట్టేయలేదు. ఆఖరి స్థానంలో ఉన్న టీమ్ ఒక్క సీజన్‌లో అయిదో స్థానానికి వచ్చింది. 29 పాయింట్లు. ప్లేఆఫ్ కొద్దిలో తప్పింది. ఆ సీజన్ అయ్యాక లిస్టన్‌ని కోల్‌కతా క్లబ్బు పెద్ద డబ్బు పెట్టి కొనుక్కుపోయింది.

తర్వాతి సీజన్ 2021-22. నైజీరియా స్ట్రైకర్ ఒగ్బెచె 18 గోల్స్ కొట్టాడు. పట్టికలో రెండో స్థానం. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌ని రెండు మ్యాచ్‌లు కలిపి 3-2తో దాటారు. 2022 మార్చి 20, గోవా ఫటోర్డా స్టేడియంలో ఫైనల్, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. స్టేడియం చూస్తే పసుపు రంగే! కేరళ జనం అంతమంది వచ్చారు. 68వ నిమిషంలో కేరళ గోల్ కొట్టింది. ఇక అయిపోయింది అనుకుంటుంటే 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. కప్పు హైదరాబాద్‌ది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆ కప్పు గెలిచిన సీజన్ మొత్తంలో హైదరాబాద్ టీమ్ హైదరాబాద్‌లో ఆడిన మ్యాచ్‌లు ఎన్ని? సున్నా. కోవిడ్ వల్ల రెండు సీజన్లు మొత్తం గోవాలోనే బయో బబుల్‌లో జరిగాయి. అంటే ఊరు పేరు జెర్సీ మీద ఉంది, ఊరి జనం మాత్రం ఆట చూసింది ఫోన్లో, టీవీలో. ఫైనల్లో హీరోలైన పేర్లు చూడండి. గోవా, మణిపూర్, సిక్కిం, నైజీరియా. తెలుగు పేరు లేదు. దీనికి మార్కెజ్‌ని తప్పుపట్టలేం. కోచ్ తన చేతికి వచ్చిన ప్లేయర్లతోనే ఆడించాలి కదా. తెలుగు కుర్రాళ్లు ఆ మెట్టు దాకా ఎక్కే దారి ముందే మూసుకుపోయింది.

ఒకప్పుడు ఇలా లేదు ఫ్రెండ్స్. 1950 నుంచి సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్‌కి కోచ్. ఆయనా ముందు ఆటగాడే, వృత్తికి బడి పంతులు. 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదు రోవర్స్ కప్పులు. ఆ టీమ్‌కి ప్లేయర్లు ఎక్కడి నుంచి వచ్చారు? ఎక్కువగా ఆ ఊరి మైదానాల నుంచే. పోలీసు ఉద్యోగం ఉంది, జీతం వస్తుంది, ఇంట్లో అన్నం ఉంటుంది, ఆట ఆడొచ్చు. అలా తయారైన ఊరు దేశానికి కూడా ప్లేయర్లని ఇచ్చింది. రహీం కోచ్‌గా ఇండియా 1951, 1962 ఏషియన్ గేమ్స్‌లో గోల్డ్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. 1962 జట్టులో సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం, హైదరాబాద్ యూసుఫ్ ఖాన్ ఉన్నారు. 1963లో రహీం పోయారు. తర్వాత కూడా సయ్యద్ నయీముద్దీన్ లాంటివాళ్లు వచ్చారు. 1970 ఏషియన్ గేమ్స్ కాంస్యం గెలిచిన జట్టుకి కెప్టెన్, ఆ తర్వాత ఇండియా కోచ్. కానీ వరస పలచబడిపోయింది.

తేడా ఎక్కడుందో మా పూర్ణా మార్కెట్ భాషలో చెప్తా. ఇక్కడ తెల్లారేసరికి లారీల్లో సరుకు దిగుతుంది. కొట్టు నిండుగా ఉంటుంది. కానీ పంట ఇక్కడ పండదు. లారీ రాని రోజున కొట్టు ఖాళీ. రహీం దగ్గర పొలం ఉంది. మార్కెజ్‌కి ఇచ్చింది కొట్టు. దాన్ని ఆయన బ్రహ్మాండంగా నడిపాడు, అందులో డౌటే లేదు.

2022-23లో ఎట్టకేలకు గచ్చిబౌలిలో ఆడారు. 42 పాయింట్లు, మళ్లీ రెండో స్థానం. సెమీస్‌లో పెనాల్టీల్లో మోహన్ బగాన్ చేతిలో ఓటమి. ఆ వేసవిలో మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకి వెళ్లిపోయాడు. అప్పుడు లారీ ఆగింది. జీతాలు అందలేదు, ప్లేయర్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కొత్తవాళ్లని తీసుకోకుండా నిషేధం పడింది. 2023-24లో 22 మ్యాచ్‌లకి గెలిచింది ఒక్కటి. యాజమాన్యం మారింది. 2025లో క్లబ్బు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని.

మరి మార్కెజ్? 2024 జూలైలో ఇండియా టీమ్ కోచ్‌గా ప్రకటించారు. గోవా క్లబ్బు, దేశం, రెండూ ఒకేసారి. మొదటి మ్యాచ్ ఎక్కడో తెలుసా? గచ్చిబౌలిలోనే. మారిషస్ మీద 0-0. మొత్తం 8 మ్యాచ్‌లు, ఒకటే గెలుపు, మాల్దీవ్స్ మీద 3-0. నాలుగు డ్రా, మూడు ఓటములు. హాంకాంగ్ చేతిలో ఓడాక, 2025 జూలైలో బయటికొచ్చేశాడు. అదే ఏడాది మే నెలలో గోవాకి మాత్రం సూపర్ కప్ గెలిపించాడు. క్లబ్బులో రోజూ కుర్రాళ్లతో ఉండి నేర్పించే మనిషికి, కొన్ని రోజుల క్యాంపు పెట్టి మ్యాచ్ ఆడించే పని కుదరలేదు. నాకైతే అలాగే అనిపిస్తుంది.

అందుకే ఆయన కథని విదేశీ కోచ్ గొప్పా, మన కోచ్ గొప్పా అని చూడకండి. ఇద్దరూ చేసిన పని ఒకటే, కుర్రాళ్లని నమ్మడం. రహీం వెనకాల ఊరు ఉంది, ఉద్యోగం ఉంది, మైదానం ఉంది. మార్కెజ్ వెనకాల ఒక సీజన్ బడ్జెట్ ఉంది. బడ్జెట్ అయిపోతే కప్పు ఫొటో మిగులుతుంది. మైదానం ఉంటే తర్వాతి కుర్రాడు వస్తాడు.

మన వైజాగ్‌లో కూడా రేపు ఎవరైనా పెద్ద లీగ్ టీమ్ పెడతామని వస్తారు. రానివ్వండి, మంచిదే. కానీ జెర్సీ కొనేముందు ఒక్క మాట అడగండి: మన స్కూళ్లలో, మన గ్రౌండ్లలో ఎంతమంది పిల్లలకి రోజూ బంతి ఇస్తారు? జవాబు చెప్పకపోతే, అది మన టీమ్ కాదు, మన ఊరి బోర్డు పెట్టుకున్న కొట్టు. ఈ రోజుకి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.