కాకినాడ నోటు నుంచి ఈ-రూపాయి దాకా

డిజిటల్ రూపాయి మాటెత్తితే మన సంఘంలో రెండు వాదాలు వినిపిస్తున్నాయి. ఇక లంచాలు ఆగిపోతాయని కొందరు, ప్రతి పైసా మీదా సర్కారు కన్ను పడుతుందని కొందరు. నిజానికి డబ్బుకు హద్దులు గీయడం, దాని జాడ వెతకడం మనవాళ్ళకు కొత్త కాదు.

1861 చట్టంతో నోట్లు వేసే హక్కు ప్రెసిడెన్సీ బ్యాంకుల నుంచి ప్రభుత్వం చేతికి పోయింది. దేశాన్ని సర్కిళ్ళుగా పంచారు. మద్రాసు కింద కాకినాడ పేరుతో కూడా నోట్లు వచ్చాయి. మన గంజాం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే కదా; ఇక్కడి నోటు పట్టుకొని బరంపురం వర్తకుడు కలకత్తా వెళితే అక్కడివాళ్ళు తీసుకోవాలని చట్టం లేదు. పెద్ద నోటును టపాలో పంపాలంటే రెండుగా కోసి, ఒక సగం చేరిందని కబురందాకే రెండో సగం పంపేవారు. 5 రూపాయల నోటు 1903లో బర్మా తప్ప అంతటా చెల్లింది. వంద నోటుకు 1911 దాకా ఆగాల్సి వచ్చింది.

తర్వాత నల్లధనం పేరుతో 1946, 1978, 2016లలో పెద్ద నోట్లు రద్దు చేశారు. చివరిసారి రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగొచ్చేశాయి. కాగితం ఎవరెవరి చేతులు మారిందో చెప్పదు మరి.

ఈ-రూపాయి చెప్పగలదు. 2022 డిసెంబరు 1న ముంబై, ఢిల్లీ, బెంగళూరు, భువనేశ్వర్‌లలో మామూలు జనానికి మొదలైంది. యూపీఐలో కదిలేది బ్యాంకులో మన ఖాతా డబ్బు; ఇది నోటులాగే నేరుగా రిజర్వు బ్యాంకు ఇచ్చే డబ్బు. పైగా దేనికి ఖర్చుపెట్టాలో ముందే కట్టడి చేయవచ్చు. ఒడిశా, ఆంధ్రప్రదేశ్‌లలో కౌలు రైతులకు ఇలాగే అప్పులిచ్చి చూశారు: ఆ డబ్బుతో విత్తనాలు, ఎరువుల వంటి సాగు సరుకులే కొనాలి.

పట్టా లేని కౌలు రైతుకు బ్యాంకు గడప దొరకడం చిన్న సంగతి కాదు. డబ్బు దారి తప్పదన్న భరోసా ఉంటేనే బ్యాంకు ముందుకొస్తుందంటే, అది మేలే. కానీ నాట్ల వేళ ఇంట్లో బిడ్డకు జ్వరమొస్తే? ఆ రూపాయి మందుల షాపులో చెల్లదు. మళ్ళీ వడ్డీ వ్యాపారి గుమ్మమే గతి.

మన సంఘంలో చందా ఇచ్చినవారి ఇంటి ఖర్చులు ఎన్నడూ అడగలేదు, వసూలు చేసిన కార్యదర్శి చేతే లెక్క చదివించాం. ఈ-రూపాయి కూడా ముందుగా ఖజానా లెక్క చూపాలని మేం అంటాం: సబ్సిడీ ఏ రోజు బయల్దేరింది, ఏ ఆఫీసులో ఎన్నాళ్ళు ఆగింది, రైతు ఫోనులోనే కనబడాలి. మన కుటుంబాల్లో ఇలా అప్పు తీసుకున్న కౌలు రైతులుంటే, ఏ దుకాణంలో చెల్లిందో, ఎక్కడ కాదన్నారో వచ్చే సర్వసభ్య సమావేశంలో చెప్పమని కోరుతున్నాం.