కొన్నవారి అనుశయము

‘అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి’ యను సామెత వినని తెలుగు ఇల్లు లేదు. బేరము కుదిరి, సొమ్ము చెల్లించి, సరుకుతో ఇల్లు చేరిన పిమ్మట ‘తొందరపడితిమే’ యని నొచ్చుకొనుట ఎల్లరకును అనుభవమే. అంగడి వీధి చివరనే యున్న కాలమున దీనికి మందు సులభము. మరునాడు పోయి, షావుకారుతో నాలుగు మాటలాడి, సరుకు తిరిగి యిచ్చి, సొమ్మైన, మారు వస్తువైన తెచ్చుకొనెడివారు. షావుకారు గొణిగినను, ఖాతాదారును పోగొట్టుకొనుట ఇష్టము లేక ఒప్పుకొనెడివాడు.

నేటి అంగడి కంటికి కనబడదు. ఒక ఉదాహరణము చూతము. ఒక ఇల్లాలు రాత్రివేళ సెల్‌ఫోనులో కుట్టుమిషనుకు ఆర్డరిచ్చి, ధర యంతయు ముందుగనే చెల్లించెను. గంట తిరుగకముందే అది తన పనికి సరిపడదని తెలిసి, ఆర్డరు రద్దు చేయుమని కోరెను. రద్దు కుదరదని జవాబు వచ్చెను. నాలుగవనాడు పెట్టె గుమ్మము ముందుకు వచ్చినది. ఆమె పుచ్చుకొనక త్రిప్పి పంపెను. మిషను కంపెనీ గిడ్డంగికి చేరెను. సొమ్ము మాత్రము ఆమెకు చేరలేదు. వస్తువును, ధరయు రెండును ఒకరి యొద్దనే యుండుట న్యాయమా? ఆర్డరిచ్చినవారు ఎంతవరకు వెనుకకు మరలవచ్చును? ఈ ప్రశ్న సెల్‌ఫోనుతో పుట్టినది కాదు. దీని వయస్సు రెండువేల యేండ్లకు పైమాట.

మనుస్మృతి వ్యవహారములను, అనగా న్యాయస్థానమునకు రాదగిన తగవులను, పదునెనిమిది పదములుగా విభజించినది. వానిలో నొకటి క్రయవిక్రయానుశయము. అనుశయమనగా పశ్చాత్తాపము. కొన్నవాడు గాని, అమ్మినవాడు గాని తరువాత పశ్చాత్తాపపడినచో పది దినములలోపల వస్తువును తిరిగి యిచ్చివేయవచ్చును, తిరిగి పుచ్చుకొనవచ్చును. పది దినములు దాటిన పిమ్మట బలవంతము చేసినవారికి జరిమానా. గడువు ఇరుపక్షములకును సమానమే యగుట ఇందు గమనింపదగిన విషయము.

కౌటిల్యుని అర్థశాస్త్రము మరికొంత సూక్ష్మముగా చూచినది. వర్తకులకు ఒక రాత్రి, వ్యవసాయదారులకు మూడు రాత్రులు, పశుపాలకులకు ఐదు రాత్రులు పశ్చాత్తాపమునకు గడువు. వర్తకునకు సరుకు మంచిచెడ్డలు తెలియును గనుక ఒక రాత్రి చాలును. రైతునకు ఆలోచించుకొనుటకు వ్యవధి కావలెను. సరుకు అమ్మి, దానిని అప్పగింపని వర్తకునకు పన్నెండు పణముల దండుగ. కొని, సరుకు పుచ్చుకొనని వానికిని పన్నెండు పణములే. సరుకులో దోషమున్నచో మాత్రము దండుగ లేదు. త్రాసు రెండు సిబ్బెలును సమముగా నుండవలెనన్న భావమే ఇక్కడను కనబడుచున్నది.

నారదస్మృతి ధర లెక్క కట్టినది. కొన్ననాడే వస్తువును చెడకుండ తిరిగి యిచ్చినచో ధర యంతయు వాపసు. రెండవనాడైన ధరలో ముప్పదవ వంతు తగ్గును. మూడవనాడైన దానికి రెట్టింపు తగ్గును. ఆపైన సరుకు కొన్నవానిదే. ఇదికాక పరీక్షా కాలములు వేరుగ గలవు. పాడియావునకు మూడు దినములు, మోతపశువునకు ఐదు, రత్నములకు ఏడు, ధాన్యమునకు పది. పాలిచ్చునో లేదో ఆవును ఇంటికి తెచ్చి పిండిన గాని తెలియదు. ముత్యము నిజమైనదో కాదో ఎరిగినవానికి చూపిన గాని తెలియదు. చూడక కొన్నవానికి చూచుకొనుటకు గడువీయవలెనని నాటివారెరిగిన ధర్మము. ఆ పట్టికలోనే దాసదాసీజనమునకును గడువులు వ్రాయబడియుండుట మాత్రము ఆ సమాజపు చీకటిని కూడ మనకు చూపుచున్నది.

ఈ ధర్మములు తెలుగునాటికి సంస్కృతమున మాత్రమే రాలేదు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు, కల్యాణి చాళుక్యుల కాలమున, మితాక్షర యను వ్యాఖ్య వ్రాసెను. దానిని పదుమూడవ శతాబ్దిలో కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేర తెలుగు పద్యములలోనికి తెచ్చెను. తన దశకుమార చరిత్రమును తిక్కనకు అంకితమిచ్చిన కేతన ఈతడే. బేరము నిలుపుకొనుటకు ముందుగా నిచ్చు సొమ్మును సంస్కృతమున సత్యంకారమందురు. తెలుగున సంచకరువనిరి, పిమ్మట బయానా యనుచున్నాము. ఆ ద్రవ్యమును రెట్టింపుగా తిరిగి యిప్పింపవలెనని యాజ్ఞవల్క్యుడు విధించెను. ముందుగా సొమ్ము పుచ్చుకొన్నవానిపై బరువెక్కువ యని దీని తాత్పర్యము.

రోమునగరమున బజారులపై అధికారముగల ఈడైలు లను ఉద్యోగులు ఇట్టి శాసనమునే చేసిరి. దాసులను, పశువులను అమ్మువారు వాని లోపములను ముందుగ చెప్పవలెను. చెప్పనిచో కొన్నవాడు ఆరునెలలలోపల బేరము రద్దు చేయించుకొనవచ్చును, ఏడాదిలోపల ధర తగ్గించుమని కోరవచ్చును.

ఇంగ్లండు మాత్రము చిరకాలము వేరుదారిని నడచినది. కొన్నవాడే జాగ్రత్తపడవలె నన్నది అచటి సూత్రము. 1603లో తీర్పు వచ్చిన ఒక వ్యాజ్యము ప్రసిద్ధము. ఒక స్వర్ణకారుడు ఒక రాతిని నూరు పౌనులకు అమ్మెను. అది జంతువు కడుపున పుట్టిన, విషము విరుచు రాయి యని చెప్పెను. అది అట్టిది కాదని తేలినది. అయినను కొన్నవాడు ఓడిపోయెను. రాయి అట్టిదని అమ్మినవాడు చెప్పినమాట నిజమే గాని, దానికి పూచీపడితినని అనలేదట! మాటకును పూచీకిని నడుమ గల ఈ సందులో కొనుగోలుదారులు తరతరములు పడిపోవుచు వచ్చిరి. 1893లో ఇంగ్లండునను, 1930లో మన దేశమునను సరుకుల విక్రయ చట్టములు వచ్చి, వర్ణించిన వస్తువే ఈయవలెననియు, వర్తకుని సరుకు అమ్మకమునకు తగిన నాణ్యము గలది కావలెననియు విధించుటతో ఆ సందు చాలవరకు పూడినది.

అయినను దూరపు బేరములలో మరియొక చిక్కు కలదు. ఒప్పందము ఏ క్షణమున ముడిపడును? 1817 సెప్టెంబరు 2వ తేదీన ఒక ఉన్ని వర్తకుడు అమ్మకపు జాబు వ్రాసెను. విలాసము తప్పుటచే అది ఆలస్యముగా 5వ తేదీన చేరెను. కొనువాడు ఆనాడే సమ్మతి జాబు పోస్టు చేసెను. అది చేరకముందే, 8వ తేదీన, వర్తకుడు ఉన్నిని వేరొకరికి అమ్మివేసెను. సమ్మతి జాబు పోస్టు చేసిన క్షణముననే ఒప్పందము కుదిరినదని 1818లో న్యాయస్థానము తేల్చెను. మన 1872 కాంట్రాక్టు చట్టముకూడ, ప్రతిపాదన చేసినవాడు దానికి అంగీకారము తనపై కట్టుబాటగువరకు వెనుకకు తీసికొనవచ్చుననియు, ఆపైన వీలులేదనియు చెప్పుచున్నది.

తరువాత టెలిఫోను వచ్చెను. అహమ్మదాబాదు వర్తకులు ఖాంగాంవు వారితో టెలిఫోనుపై పత్తిగింజల పిండికి బేరమాడిరి. తగవు వచ్చినప్పుడు ఏ ఊరి కోర్టు వినవలె నన్న ప్రశ్న సుప్రీంకోర్టువరకు పోయెను. అంగీకారపు మాట వినబడిన చోటనే, అనగా అహమ్మదాబాదులోనే, ఒప్పందము ఏర్పడినదని 1965లో అధికసంఖ్యాక న్యాయమూర్తులు తీర్పు చెప్పిరి. జస్టిస్ హిదయతుల్లా విభేదించిరి. 1872 నాటి చట్టకర్తలు టెలిఫోనును ఊహించి యుండరని వారి అభిప్రాయము. పాత చట్టమును కొత్త యంత్రమునకు తొడుగుట ఎంత కష్టమో ఆ భేదాభిప్రాయమే చెప్పుచున్నది.

ఇటు వర్తకులలో తెలివిగలవారు చట్టముకంటె ముందు నడచిరి. 1872లో చికాగో నగరమున ఆరన్ మాంట్‌గొమరీ వార్డ్ ఒక్క కాగితముపై ధరలపట్టిక అచ్చువేసి, తపాలా ద్వారా పల్లెటూళ్ల రైతులకు సరుకు అమ్మసాగెను. చూడని వస్తువునకు రైతు సొమ్మెట్లు పంపును? అందుచేత 1875లో, తృప్తి కలుగనిచో సొమ్ము వాపసు చేయుదునని ఆయన ప్రకటించెను. ఆ వాగ్దానము ఔదార్యము కాదు, వ్యాపారమునకు పునాది. మన దేశమున ఆ పని వి.పి.పి. చేసినది. మదరాసునుండి పుస్తకములు, మందులు, గడియారములు వి.పి.పి.లో తెప్పించుకొనని తెలుగు గ్రామము అరుదు. తపాలా జవాను చేతిలో రొక్కము పెట్టిన గాని పార్సెలు విప్పుటకు వీలులేదు. కాని వలదనుకొన్నచో పుచ్చుకొనక త్రిప్పిపంపు స్వేచ్ఛ మాత్రముండెను. సొమ్ము మన చేతిలోనే యున్నది గనుక తగవే లేదు. ముందుగా చెల్లించు పద్ధతి వచ్చినప్పుడే త్రాసు ఒకవైపునకు ఒరిగినది.

1962 మార్చి 15వ తేదీన అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ తమ దేశ శాసనసభకు పంపిన సందేశమున వినియోగదారుల హక్కులను పేర్కొనిరి. అదే దశాబ్దిలో మనువు నాటి అనుశయము కొత్తపేరుతో మరల పుట్టెను. ఇంటింటికి తిరిగి, మాటల గారడితో వాయిదాల బేరము కుదుర్చు అమ్మకగాండ్రనుండి కాపాడుటకు బ్రిటను 1964లో నాలుగు దినముల గడువిచ్చెను. అమెరికాలో 1972లో చేసిన నియమము ఇంటి వాకిట జరుగు అమ్మకములకు మూడు పనిదినములిచ్చెను. ఐరోపా సమాజము 1985లో ఇంటింటి అమ్మకములకు, 1997లో దూరవిక్రయములకు ఈ హక్కును విస్తరించినది. 2011 నాటి ఆదేశముతో అది పదునాలుగు దినములైనది. కారణము చెప్పనక్కరలేదు, సొమ్మును పదునాలుగు దినములలో వాపసు చేయవలెను. పాడైపోవు తినుబండారములకు, ఒకరి కొలతలకే చేసిన వస్తువులకు మినహాయింపు కలదు. పరీక్షకు అవసరమైనదానికంటె మించి వాడినచో తగ్గిన విలువను కొన్నవాడు భరింపవలెను. నారదుని ముప్పదవ వంతు మనకు జ్ఞప్తికి రాక మానదు.

మరి మన దేశమున? 1986 డిసెంబరు 24వ తేదీన వినియోగదారుల రక్షణ చట్టమునకు రాష్ట్రపతి ఆమోదము లభించినది. 2019లో దాని స్థానమున కొత్త చట్టము వచ్చి, 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. ఆ నెలలోనే ఆన్‌లైను వ్యాపారమునకు ప్రత్యేక నిబంధనలు ఏర్పడినవి. సరుకు లోపముగలదైనను, నకిలీదైనను, ప్రకటించిన లక్షణములు లేనిదైనను, చెప్పిన గడువు దాటి వచ్చినను, దానిని తిరిగి తీసికొననని గాని సొమ్ము వాపసు ఈయనని గాని విక్రేత అనరాదు; అనివార్య విపత్తువలన ఆలస్యమైనచో మాత్రము మినహాయింపు. ఆర్డరు రద్దు చేసినందుకు రుసుము వసూలు చేయవలెనన్న, తాను రద్దు చేసినప్పుడు కంపెనీయు అట్టి రుసుమునే భరింపవలెను. కౌటిల్యుని పన్నెండు పణములు ఇరువైపులకును సమానమన్న న్యాయమే ఇది.

ఒక విషయమున మాత్రము మనము భ్రమపడరాదు. సరుకు బాగుగనే యుండి, మనస్సు మాత్రమే మారినచో, ఇన్ని దినములలో తిరిగి యీయవచ్చునను సాధారణ హక్కును మన చట్టము ఇంకను ఈయలేదు. బీమా పాలసీలకు అట్టి గడువు కలదు. 2024 నాటి నిబంధనలతో అది ముప్పది దినములు. బజారు సరుకునకు మాత్రము ఆ కంపెనీ ప్రకటించిన వాపసు నియమమే ఆధారము. కనుక కొనుటకు ముందే ఆ నియమము చదువుట మన పని.

ఇప్పుడు కుట్టుమిషను కొన్న ఇల్లాలి యొద్దకు మరల వత్తము. అనేక కంపెనీలు తమ షరతులలో, సరుకు పంపినప్పుడే ఆర్డరును అంగీకరించినట్లని వ్రాసికొనుచున్నవి. ఆ షరతు వర్తకునకు పనికివచ్చినట్లే ఆమెకును పనికివచ్చును. పంపకముందే రద్దు కోరినచో, అది 1872 చట్టము ప్రకారము ప్రతిపాదనను వెనుకకు తీసికొనుటయే. పంపిన పిమ్మట కోరినదనుకొన్నను, మాట తప్పినవారు చెల్లింపవలసినది కలిగిన నష్టమునకు పరిహారమని ఆ చట్టమే చెప్పుచున్నది. మిషనును మరల గిడ్డంగిలో పెట్టుకొనిన వర్తకుడు రానుపోను ఖర్చు అడిగిన అడుగవచ్చును. ధర యంతయు మ్రింగుటకు ఆధారము వెదకిన దొరకదు.

ఆమె చేయవలసినవి ఇవి. రద్దు కోరిన తేదీ, వేళ తెలుపు సందేశమును, పెట్టె త్రిప్పిపంపిన దాఖలాను భద్రపరచుకొనవలెను. కంపెనీ ఫిర్యాదుల అధికారికి వ్రాయవలెను. ఆయన 48 గంటలలో అందినట్లు తెలిపి, నెలదినములలో పరిష్కరింపవలెను. కానిచో 1915 నంబరునకు టెలిఫోను చేయవచ్చును. అప్పటికిని కానిచో రెండేండ్లలోపల జిల్లా వినియోగదారుల కమిషనును ఆశ్రయింపవచ్చును. ఐదు లక్షల రూపాయలవరకు రుసుము లేదు. ఏ ఊరి కోర్టు అన్న పాత టెలిఫోను తగవు ఇక్కడ లేదు. ఫిర్యాదిదారు కాపురమున్న జిల్లాలోనే దాఖలు చేయవచ్చునని 2019 చట్టము దారి చూపినది.

పది దినముల గడువు మనకు క్రొత్త కాదు. మన ధర్మశాస్త్రములలో అది నాడే కలదు; అట్టి గడువు నేడు ఇతరుల చట్టములలో స్థిరపడినది. అంగడి కంటికి కనబడని ఈ కాలమున, చూడక కొన్నవానికి చూచుకొను వ్యవధి ఈయవలెనన్న ఆ చిన్న న్యాయము మన చట్టములోనికి ఎప్పుడు తిరిగి వచ్చునో యని కొనుగోలుదారులు ఎదురు చూచుచున్నారు. అంతవరకు రసీదును పారవేయకుండుటయే మన చేతిలోని రక్ష.