ఇంటర్‌ఫెరాన్‌కు క్యాన్సర్ కణాల స్పందన

వైరస్ సోకిన కణం ఇరుగుపొరుగు కణాలను అప్రమత్తం చేయడానికి విడుదల చేసే ప్రోటీన్లు ఇంటర్‌ఫెరాన్లు. వీటిని అందుకున్న కణం వైరస్‌ను పెరగనివ్వదు, తన విభజన వేగాన్నీ తగ్గించుకుంటుంది. క్యాన్సర్‌గా మారే క్రమంలో చాలా కణాలు ఈ స్పందనను కొంతవరకో, పూర్తిగానో పోగొట్టుకుంటాయి.

ఇంటర్‌ఫెరాన్‌ను 1957లో లండన్‌లోని మిల్‌హిల్ పరిశోధనాలయంలో ఆలిక్ ఐజాక్స్, జాన్ లిండెన్‌మన్ కనుగొన్నారు. వేడితో చంపిన ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను కోడిగుడ్డు పొర ముక్కలతో కలిపి ఉంచితే, ఆ ద్రవంలో చేరిన పదార్థం తాజా పొరలను బతికున్న వైరస్ నుంచి కాపాడింది.

ఇది క్యాన్సర్ కణాన్ని నేరుగా అణచివేస్తుందని మొదట్లో చాలామంది ఆశించారు. ఆ ఊహ ఎంతవరకు నిజమో 1972లో ఫ్రాన్స్‌లో అయాన్ గ్రెస్సర్ బృందం పరీక్షించింది. ఎలుకల ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కణాల్లోంచి ఇంటర్‌ఫెరాన్‌కు లొంగని రకాన్ని వేరుచేసింది. గాజుపాత్రలో ఇంటర్‌ఫెరాన్ కలిపినా వాటి పెరుగుదల ఆగలేదు. అవే కణాలను ఎలుకల్లోకి ఎక్కించి ఇంటర్‌ఫెరాన్ ఇస్తే మాత్రం ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. మందు పనిచేసింది కణితి మీద కాదు, ఎలుక శరీరం మీద. ఈ చరిత్రలో ఇంత తేటగా తేల్చిచెప్పిన ప్రయోగాలు అరుదు. ఆ తర్వాత 1986లో అమెరికాలో, ఇంటర్‌ఫెరాన్లలో ఒక రకమైన ఆల్ఫా ఇంటర్‌ఫెరాన్ హెయిరీ సెల్ ల్యుకేమియాకు మందుగా అనుమతి పొందింది.

కణం లోపల సంకేతం నడిచే దారి 1990ల తొలినాళ్లలో తెలిసింది. కణం పైనున్న గ్రాహకానికి ఇంటర్‌ఫెరాన్ అతుక్కోగానే జాక్ ఎంజైములు మేల్కొని స్టాట్ ప్రోటీన్లను కేంద్రకానికి పంపుతాయి. జేమ్స్ డార్నెల్, జార్జ్ స్టార్క్, ఇయాన్ కెర్ బృందాలు దీన్ని తేల్చాయి. స్టార్క్, కెర్ వాడిన కణాలు మనిషి కణితి నుంచి వచ్చినవే. వాటిలో ఆ దారి చక్కగా పనిచేస్తుంది. కాబట్టి ప్రతి క్యాన్సర్ కణమూ ఇంటర్‌ఫెరాన్‌ను లెక్కచేయదనుకోవడం తప్పు.

స్పందన పోతే కణితికి లాభమూ ఉంది, నష్టమూ ఉంది. గామా ఇంటర్‌ఫెరాన్‌కు స్పందించలేని ఎలుకలకు క్యాన్సర్ కారకాలు ఇస్తే కణుతులు ఎక్కువగా, త్వరగా వచ్చాయని 1998లో రాబర్ట్ ష్రైబర్ బృందం చూపింది. మరోవైపు స్పందన పోయిన కణాలకు వైరస్ నుంచి రక్షణ ఉండదు. 2000లో కెనడాలో జాన్ బెల్ బృందం పశువుల నోట్లో పుండ్లు తెచ్చే ఒక వైరస్‌ను ప్రయోగిస్తే, సాధారణ కణాలను ఇంటర్‌ఫెరాన్ కాపాడింది, క్యాన్సర్ కణాలు చచ్చాయి.

స్పందన పోవడం కణితికి లాభమనడానికి రోగుల్లో స్పష్టమైన సాక్ష్యం 2016లో దొరికింది. రోగనిరోధక శక్తిని కణితి మీదికి ఉసిగొల్పే పెంబ్రోలిజుమాబ్ మందుతో తగ్గి మళ్లీ తిరగబెట్టిన మెలనోమా (చర్మ క్యాన్సర్) రోగులు నలుగురిని పరిశీలిస్తే, ఒకరి కణితిలో జాక్1, మరొకరి కణితిలో జాక్2 జన్యువు దెబ్బతిని ఉంది. జాక్2 పోయిన కణాలు గామా రకానికే స్పందన కోల్పోయాయి. జాక్1 పోయిన కణాల మీద ఆల్ఫా, బీటా, గామా మూడూ పనిచేయలేదు.