స్టూడీబేకర్ నమూనా కార్ల సేకరణ

స్టూడీబేకర్ నమూనా కార్ల సేకరణ అంటే మూతపడిన అమెరికన్ కార్ల కంపెనీ స్టూడీబేకర్ వాహనాల సూక్ష్మ ప్రతిరూపాలను కూడబెట్టే అభిరుచి. ఇండియానా రాష్ట్రంలోని సౌత్ బెండ్‌లో 1852లో గుర్రపు బండ్ల తయారీతో మొదలైన ఈ సంస్థ, 1966లో కార్ల ఉత్పత్తి నిలిపివేసింది.

పాత నమూనాల్లో బ్రిటిష్ బొమ్మల కంపెనీలవి ప్రసిద్ధం. డింకీ, కోర్గీ రెండూ గోల్డెన్ హాక్ కారును పోతపోసిన జింకు మిశ్రమలోహంతో తయారుచేశాయి. మ్యాచ్‌బాక్స్ 1965లో తెచ్చిన లార్క్ వాగనేర్‌కు అసలు కారులాగే వెనుక పైకప్పు ముందుకు జరుగుతుంది. దాంతోపాటు వేటగాడు, కుక్క బొమ్మలు వచ్చేవి. ఏఎంటీ సంస్థ అవంతి కారును 1:25 నిష్పత్తిలో, విడిభాగాలు అతికించుకునే ప్లాస్టిక్ కిట్‌గా అమ్మింది.

సేకర్తలు ఎక్కువగా వాడే నిష్పత్తి 1:43. సుమారు 4.9 మీటర్ల అవంతి ఇందులో 11 సెంటీమీటర్లకు కాస్త పైగా ఉంటుంది. రంగు పెచ్చులూడకపోవడం, టైర్లు అసలువే కావడం, అట్టపెట్టె చెక్కుచెదరకపోవడం ధరను పెంచుతాయి. మళ్లీ రంగు వేస్తే సాధారణంగా విలువ తగ్గుతుంది.