టెట్: రెండు తేదీల పండుగ

టెట్ అనే మాట మన పాఠకులకు పండుగ పేరుగా పరిచయం కాలేదు. 1968 నాటి దాడి పేరుగా పరిచయమైంది. వియత్నాంపై కవితలు పుంఖానుపుంఖాలుగా వెలువడిన రోజుల్లో సైతం, ఆ పండుగ ఆ ప్రజలకు ఏమిటో విచారించినవారు తక్కువ. పండుగలన్నీ భూస్వామ్య అవశేషాలేనని తేల్చివేసే మన విమర్శకుల తొందర ఇందుకు కొంత కారణం.

ఇవాళ టెట్ నాడు హనోయ్ చేరిన యాత్రికుడికి కనిపించేవి మూసిన అంగళ్లు. సందడంతా ముందు వారాలదే. పూచిన పీచ్ కొమ్మలు మోటారు సైకిళ్ల మీద ఇళ్లకు పోతాయి. కార్మికులు కిక్కిరిసిన బస్సుల్లో సొంత ఊళ్లకు పోతారు. జిగురు బియ్యం, పెసరపప్పు, పంది మాంసం ఆకుల్లో చుట్టి గంటల తరబడి ఉడికించే బాన్ చుంగ్ ప్రతి ఇంటా ఉంటుంది. అపురూపమైన వంటకాలు తేలేని పేద రాకుమారుడు దీనితోనే తండ్రిని మెప్పించి రాజ్యం పొందాడని కథ. రాజుల కథే, కాని నెగ్గింది మాత్రం వరి. కొత్త ఏట తొలిసారి గడప తొక్కిన మనిషే ఆ ఇంటి అదృష్టాన్ని నిర్ణయిస్తాడని నమ్మకం కనుక, పిలవని యాత్రికుడు మొదటినాడు దూరంగా ఉండడమే మర్యాద.

అయిదోనాడు హనోయ్‌లోని డాంగ్ డా దిబ్బ దగ్గర ఉత్సవం జరుగుతుంది. 1771లో తే సన్ సోదరుల నాయకత్వాన రైతాంగం తిరగబడింది. సింహాసనం కోసం లే వంశపు రాజు చైనా చక్రవర్తి సేనలను పిలిపించుకున్నాడు. తే సన్ నాయకుడు క్వాంగ్ ట్రుంగ్ తన సైనికులకు ముందుగానే పండుగ భోజనం పెట్టించి బయలుదేరాడని చెబుతారు. 1789లో, టెట్ అయిదోనాడు, ఆ సేనలు హనోయ్ విడిచి పారిపోయాయి. స్వదేశీ ప్రభువు విదేశీ సైన్యాన్ని పిలవడం, పండుగ రోజుల్లో దెబ్బ తీయడం, రెండూ 1968కి పాతవే.

పంచాంగం కూడా ఆ యుద్ధంలోకి వచ్చింది. 1967లో ఉత్తర వియత్నాం బీజింగ్ కాలమానాన్ని వదిలి, తన కాలమానం ప్రకారం పంచాంగం గుణించుకుంది. సైగాన్ పాత లెక్కనే పట్టుకుంది. 1968లో అమావాస్య ఘడియ హనోయ్ గడియారంలో జనవరి 29 రాత్రి పదకొండున్నరకు పడింది. బీజింగ్ గడియారంలో అప్పటికే 30వ తేదీ. ఆ ఘడియ పడిన రోజే అక్కడ సంవత్సరాది కనుక ఉత్తరానికి ఒకనాడు, దక్షిణానికి మరునాడు పండుగ అయింది. డా నాంగ్, నా ట్రాంగ్ వంటిచోట్ల విమోచన సేనలు ఒకరోజు ముందే దాడికి దిగడానికి ఈ తేడాయే కారణమని ఒక వివరణ. సైగాన్, హుయేలపై దాడి మరుసటి రాత్రి జరిగింది. అప్పటికే శత్రువు మేలుకున్నాడు.

హుయే గురించి మన కవిత్వం సగమే చెప్పింది. దాదాపు నాలుగు వారాల ఆ పోరులో పౌరులు వేలల్లో చనిపోయారు. అమెరికన్ బాంబులకు బలైనవారున్నారు; విమోచన సేనల చేతుల్లో ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. రెండో మాట పలకడానికి మన కలాలు వెనుదీశాయి. అక్కడ తద్దినాలు చాంద్రమానం ప్రకారమే పెడతారు. అందుకే హుయేలో ఎన్నో ఇళ్లలో కొత్త సంవత్సరపు అగరువత్తులు ఆరకముందే మృతుల అగరువత్తులు వెలుగుతాయి.